గాలివానలును, చిన్న దీవుల అప్పులును

మా పాఠశాలలో భూగోళ పాఠమునకు వ్రేలాడదీయు ప్రపంచపటములో గ్రెనడా అను దీవిని కనుగొనుట సులభము కాదు. దక్షిణ అమెరికా ఖండమునకు ఉత్తరమున, కరిబియను సముద్రపు తూర్పు అంచున, ఆవగింజలవలె వరుసగా నున్న దీవులలో అది యొకటి. పటము గీసినవారు దాని పేరును సముద్రముపై వ్రాసిరి. దీవిపై వ్రాయుటకు చోటు చాలలేదు. ఆ దేశపు వైశాల్యము 344 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య లక్షకు కొంచెము ఎక్కువ. మన ప్రాంతములోని ఒక మోస్తరు పట్టణమునందలి జనమంతయు ఒక దేశమై, తమకొక ప్రధానమంత్రియు, ఒక జెండాయు, ఐక్యరాజ్యసమితిలో ఒక ఓటును కలిగియున్నట్లు ఊహించుకొనుడు. ఆ జెండాపై జాజికాయ బొమ్మ గలదు.

ఈ సంవత్సరము మేము ఆ పాఠము చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "మాష్టరుగారూ, అంత చిన్న దేశమునకు అప్పు లెందుకండీ?" అని అడిగెను. తరగతి యంతయు నవ్వినది. ప్రశ్న మాత్రము నవ్వదగినది కాదు. ఆ గంటలో మేము చెప్పిన సమాధానము మాకే తృప్తికరముగా తోచలేదు. కావున ఆ తరువాత చదివి తెలిసికొనినదానిని ఇచ్చట వ్రాయుచున్నాము. ఈ పత్రికను చదువు తలిదండ్రులలో అప్పుపత్రము వ్రాసియిచ్చినవారును, వ్రాయించుకొనినవారును ఉందురు గనుక, విద్యార్థులకంటె వారికే ఇది త్వరగా బోధపడవచ్చును.

1992లో బ్రెజిలు దేశమందలి రియో డి జనీరో నగరమున జరిగిన ప్రపంచసభలో, చిన్న ద్వీపరాజ్యములను ఒక ప్రత్యేకవర్గముగా నెంచి, వాటి కష్టములు వేఱని యంగీకరించిరి. అట్టి దేశములు నేడు 39 గలవని ఐక్యరాజ్యసమితి లెక్కించుచున్నది. కరిబియనులో గ్రెనడా, జమైకా, బార్బడోసు. పసిఫికు మహాసముద్రములో ఫిజీ, టువాలు, వనువాటు. మన హిందూమహాసముద్రములో మాల్దీవులు, మారిషసు, సెషెల్సు మొదలైనవి. భూగోళమును వేడెక్కించుచున్న పొగలో ఈ దేశములన్నియు కలిసి వదలునది నూటికి ఒక పాలును లేదు. కాని ఆ వేడిమి ఫలము మొదట ననుభవించువారు వీరే. మనము తుపాను, గాలివాన యని పిలుచుదానినే కరిబియను సముద్రములో హరికేను అందురు. వెచ్చని సముద్రజలమే దానికి ఆహారము. నీరు వేడెక్కినకొలది ఆ ఆహారము వృద్ధియగును.

2004వ సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీన ఐవాన్ అను హరికేను గ్రెనడాపై పడెను. అంతకు పూర్వము అర్ధశతాబ్దముగా ఆ దీవివారు అంతటి గాలిని చూచియుండలేదు. ఇండ్లలో నూటికి తొంబదింటికి దెబ్బ తగిలెను. 39 మంది మరణించిరి. ప్రధానమంత్రి నివాసమే కూలిపోగా, ఆయన సమీపముననున్న ఒక బ్రిటిషు యుద్ధనౌకపై తలదాచుకొనవలసి వచ్చెను. జాజికాయ పంటలో అంతవరకు ఇండోనీషియా తరువాత ప్రపంచమున రెండవ స్థానము గ్రెనడాదే. ఆ తోటలలో అత్యధికభాగము ఒక్క దినమున నేలకొరిగినది. జాజిచెట్టు వరిపైరువంటిది కాదు. నాటిన తరువాత కాపునకు వచ్చుటకు ఆఱేడు సంవత్సరములు పట్టును. చెట్లు పోయినచో ఒక సంవత్సరపు పంట పోయినట్లు కాదు, ఒక పిల్లవాని బాల్యమంతటి కాలము పోయినట్లు. నష్టమును లెక్కింపగా, ఆ దేశప్రజలందఱు రెండు సంవత్సరములలో సంపాదించుదానితో సమానమని తేలినది. పది నెలలు దాటిన కొలదిదినములకే, 2005 జూలైలో, ఎమిలీ అను మఱియొక హరికేను వచ్చి కొత్తగా కప్పిన యిండ్ల కప్పులను మరల నెత్తుకొనిపోయెను.

ఇచ్చట ఒక విషయమును మన తీరమువారు బాగుగా గ్రహింపగలరు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన పడినప్పుడు పదివేలకు మించి జనము నశించిరి. ఆ దుఃఖము నింకను తలచుకొను కుటుంబములు గలవు. ఐనను ఆనాడు దివిసీమకు వెనుక మిగిలిన కృష్ణామండలము నిలిచియుండెను; దానికి వెనుక రాష్ట్రము, రాష్ట్రమునకు వెనుక దేశము నిలిచియుండెను. ఇతర మండలములనుండి బియ్యము, బట్టలు బండ్లపై వచ్చినవి. గ్రెనడాకు రెండవ మండలము లేదు. గాలి వచ్చినచో దేశమంతటిపై ఒకేసారి వచ్చును. బియ్యము పంపవలసిన ఊరును, బియ్యము కావలసిన ఊరును ఒక్కటే. చిన్నదనమనగా ధనము తక్కువగా నుండుట యని మేమును ఇంతకాలము తలచియుంటిమి. ధనము తక్కువగుటకంటె, ఆపద వచ్చినప్పుడు మిగిలియుండు చోటు లేకుండుటయే అసలైన చిన్నదనమని ఇప్పుడు తోచుచున్నది.

అట్టి దినమున ప్రభుత్వమునకు మూడు చిక్కులు ఒకేసారి వచ్చిపడును. ఆసుపత్రి కప్పునకు, త్రాగునీటికి, రోడ్లకు వెంటనే రొక్కము కావలెను. సరిగా అదే సమయమున పన్నులు రావు. అంగడి మూతపడెను, యాత్రికులు రారు, రేవులో ఓడ లేదు. మూడవది, పూర్వము చేసిన అప్పుపై వడ్డీ వాయిదా మాత్రము గడియారమువలె తన తేదీకి తాను వచ్చును. గాలి వీచినదని ఋణపత్రమునకు తెలియదు. ఐవాన్ వచ్చిన కొలదికాలమునకే గ్రెనడా ప్రభుత్వము తన ఋణదాతలకు చెల్లింపజాలనని తెలిపి, 2005లో అప్పును తిరుగవ్రాయించుకొనెను. మరల 2013లో వాయిదా తప్పెను. ఆ బాలుని ప్రశ్నకు మొదటి సగము సమాధానమిది: గాలి కూల్చినదానిని తిరిగి కట్టుటకు అప్పు, ఆ అప్పు తీరకమునుపే మఱియొక గాలి, దానికి మఱియొక అప్పు.

2013 తరువాత రెండేండ్లు ఋణదాతలతో బేరము జరిగినది. 2015లో కుదిరిన ఒడంబడికలో అసలులో సగము తగ్గించుటకు ఋణపత్రములు గలవారు సమ్మతించిరి. అంతకంటె మాకు విశేషముగా కనబడినది ఆ కొత్త పత్రములలో చేర్చిన ఒక షరతు. హరికేను షరతని దానికి పేరు. ఒక హరికేను దేశముపై పడి, దానివలన కలిగిన నష్టము ముందుగా నిర్ణయించిన లెక్క ప్రకారము 1 కోటి 50 లక్షల డాలర్లు దాటినచో, గ్రెనడా తన వాయిదాను ఆఱు నెలలు ఆపుకొనవచ్చును. నష్టము అంతకు రెట్టింపైనచో ఒక సంవత్సరము ఆపుకొనవచ్చును. దానికొఱకు ఎవరిని బ్రతిమాలనక్కఱలేదు, సభలు జరుపనక్కఱలేదు, వాయిదా తప్పెనను అపకీర్తి రాదు. పత్రములోనే వ్రాసియున్నది.

మన పెద్దలకు ఈ మాట కొత్త కాదు. రైతువారీ గ్రామములలో పంట చెడిన సంవత్సరమున శిస్తు వజా ఇచ్చుటయు, ఇయ్యకపోవుటయు, దానికొఱకు కరణము చుట్టును, తాసీల్దారు కచ్చేరి చుట్టును తిరుగుటయు మన ముసలివారు చెప్పగా విన్నాము. వజా వేఱు, వాయిదా వేఱు. వజాలో కొంత సొమ్ము మాఫీయగును. వాయిదాలో ఏమియు మాఫీ కాదు; కాలము మాత్రము దొరకును. గ్రెనడా షరతు వజా కాదు, వాయిదా. ఆపిన వడ్డీ అసలులో చేరును; తరువాత దానికిని వడ్డీ నడుచును. ఇది దయ కాదని చదువరులు గుర్తుంచుకొనవలెను. కాని గాలి వీచిన మొదటి యాఱు నెలలలో చేతనున్న ఒక రూపాయి, మూడేండ్ల తరువాత వచ్చు మూడు రూపాయలకంటె ఎక్కువ పని చేయును. ఇల్లు కాలినవానికి ఈ సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఋణదాతలు ఇందుకెట్లు ఒప్పుకొనిరని అడుగవచ్చును. వారును లెక్క తెలిసినవారే. షరతు లేనప్పుడు ఏమి జరుగునో వారు రెండుసార్లు చూచిరి: గాలి వచ్చెను, వాయిదా తప్పెను, న్యాయవాదులు వచ్చిరి, సంవత్సరములు గడచెను, చివరకు అసలులో సగము పోయెను. సగము పోగొట్టుకొనుటకంటె ఒక సంవత్సరము ఓర్చుకొనుట మేలని వారికి తోచియుండును. బార్బడోసు దేశము తన అప్పులను తిరుగవ్రాయించుకొనునప్పుడు ఇట్టి షరతునే చేర్పించెను. ఆ దేశపు ప్రధానమంత్రి మియా మోట్లీ గారు 2022 నుండి ఈ మాటను పెద్ద సభలన్నిటిలో చెప్పుచు వచ్చిరి. 2023లో ప్రపంచ బ్యాంకు తాను చిన్న దేశములకిచ్చు అప్పులలోను ఇట్టి షరతును చేర్చెదనని ప్రకటించెను. మొదట ఒక చిన్న దీవి పట్టుపట్టి వ్రాయించుకొనిన వాక్యము పెద్ద బ్యాంకుల పత్రములకు ప్రాకుట మాకు సంతోషము కలిగించినది.

వాయిదా ఆపుకొనుటవలన చేతిలోని సొమ్ము పోకుండ నిలుచునే కాని, కొత్త సొమ్ము రాదు. దానికొఱకు మఱియొక యేర్పాటు ఐవాన్ తరువాతనే పుట్టినది. 2007లో 16 కరిబియను ప్రభుత్వములు కలిసి ఒక ఉమ్మడి భీమానిధిని స్థాపించినవి. అనేక దేశములు కలిసి ఇట్టి నిధిని స్థాపించుట ప్రపంచములో అదియే మొదలు. మన ఊళ్లలో పదిమంది కూడి చీటీ వేసికొనునట్లే ఇదియు ననుకొనవచ్చును. కాని చీటీలో పాట పాడినవానికి సొమ్ము వచ్చును, ఇందులో ఎవరిపై గాలి పడునో వారికి వచ్చును. అన్ని దీవులపై ఒకే సంవత్సరమున గాలి పడుట అరుదు గనుక, ఒంటరిగా కట్టవలసినదానికంటె తక్కువ ప్రీమియముతో పని జరుగును.

ఈ భీమాలో ఒక వింత గలదు. సాధారణముగా ఇల్లు కూలినచో భీమా కంపెనీవారు మనిషిని పంపి, పగిలిన పెంకులు లెక్కింపజేసి, బేరమాడి, నెలలు గడచిన పిమ్మట సొమ్ము ఇత్తురు. ఈ నిధివారు పెంకులను లెక్కింపరు. గాలి వేగమెంత, వాన యెంత, భూకంపపు బలమెంత, అది ఏ చోట జరిగినది, అచ్చట జనమును కట్టడములును ఎంత గలవు అనువాటినిబట్టి నష్టమును గణితముచే కట్టి, ఆ గణితము ప్రకారము 14 దినములలో సొమ్ము పంపుదురు. గాలిని కొలుచుట త్వరితము, నిష్పక్షపాతము. ఐతే గణితము చెప్పిన నష్టమును, కంటికి కనబడు నష్టమును ఎల్లప్పుడు ఒక్కటి కావు. ఈ లోపమును గూర్చి కొంచెము తరువాత చెప్పెదము.

షరతునకును నిధికిని పరీక్ష 2024లో వచ్చినది. జూలై 1వ తేదీన బెరిల్ అను హరికేను గ్రెనడాలో భాగమైన కరియాకు దీవిపై గంటకు 220 కిలోమీటర్లకు తక్కువకాని వేగముతో పడెను. హరికేనుల కాలమునకు అది ఆరంభము మాత్రమే. అంత ముందుగా అంతటి బలముగల గాలి అట్లాంటికులో పుట్టుట అంతవరకు ఎవ్వరు వ్రాసియుంచలేదు. కరియాకులోను, దాని ప్రక్కనున్న పెటీట్ మార్టినీక్ అను చిన్న దీవిలోను కట్టడములలో నూటికి తొంబదికంటె ఎక్కువ కూలుటయో దెబ్బతినుటయో జరిగినది. ఉమ్మడి నిధినుండి గ్రెనడాకు 4 కోట్ల 20 లక్షల డాలర్లకు పైగా వచ్చినది. అంతవరకు ఆ నిధి ఒక్కసారిగా ఇచ్చినదానిలో అదియే పెద్ద మొత్తము. ఆగస్టు నెలలో ప్రభుత్వము ఋణదాతలకు ఉత్తరము వ్రాసి హరికేను షరతును ఉపయోగించెను. బజారులో అమ్ముడగు ఋణపత్రములలోని ఇట్టి షరతును ఒక దేశము నిజముగా ఉపయోగించుట అదియే మొదటిసారి. తొమ్మిదేండ్ల పూర్వము వ్రాసిన వాక్యము పనిచేసినది. 2004లో వలె న్యాయవాదుల రాకపోకలు లేవు.

ఇంతవరకు చదివి, అంతయు చక్కబడెనని తలపవలదు. అదే బెరిల్ కరియాకును దాటి, రెండు దినముల తరువాత జమైకా దక్షిణతీరము ప్రక్కగా పోయినది. జమైకావారికి అప్పుడు మఱియొక విధమైన రక్షణపత్రము ఉండెను. దానిని మహావిపత్తు బాండు అని పిలువవచ్చును. దాని పద్ధతి యిట్లు: విదేశములందలి ధనవంతులును, నిధులును కలిసి 15 కోట్ల డాలర్లను ప్రపంచ బ్యాంకు ద్వారా ముందుగానే ఒకచోట ఉంచుదురు. నియమితకాలములో ఘోరమైన హరికేను రానిచో వారి సొమ్ము వారికి మంచి లాభముతో తిరిగి వచ్చును. వచ్చినచో ఆ సొమ్ము జమైకాకు పోవును. అనగా వారు గాలి రాదని పందెము కాయుచున్నారు. పందెము, జూదము అను మాటలు వినగానే మా బడిలో కొందఱు పెద్దలకు మొగము ముడుతలు పడును. కాని భీమా యంతయు ఇట్టిదే యని వారికి మనవి చేయుచున్నాము.

ఘోరమైన హరికేను అనగా నేమి? పత్రములో వాయుపీడనమునుబట్టి నిర్ణయించిరి. జమైకా పటమును చదరములుగా విభజించి, ఒక్కొక్క చదరములో తుపాను నడుమ పీడనము ఇంతకంటె తగ్గినచో ఇంత సొమ్మని వ్రాసిరి. నడుమ పీడనము ఎంత తక్కువైన గాలి అంత బలమైనదని మీరు విజ్ఞానశాస్త్రములో చదివియుందురు. బెరిల్ వచ్చినప్పుడు దక్షిణ మండలములలో ఇండ్ల కప్పులు ఎగిరిపోయెను, పంటలు నశించెను, దీపములు ఆరిపోయెను. కాని పీడనము ఆ చదరములలో పత్రము చెప్పినంత తగ్గలేదు. 15 కోట్లలో ఒక్క డాలరును రాలేదు. కంటియెదుట కూలిన ఇల్లు. పత్రము ప్రకారము మాత్రము ఏమియు జరుగలేదు. ఆనాడు ఆ దేశములోను, వెలుపలను అనేకులు ఈ బాండును నిందించిరి. ఆ నింద పూర్తిగా న్యాయమని మేమనము, పూర్తిగా అన్యాయమనియు అనము. చిన్న గాలికిని సొమ్మిచ్చు పత్రము కావలెనన్నచో ప్రీమియము మిక్కిలి పెరుగును. పెద్ద గాలికి మాత్రమే అని కొనిన పత్రము చిన్న గాలికి ఈయదు. ఐనను కప్పు లేని ఇంటిలో కూర్చున్నవానికి ఈ తర్కము చెప్పు ధైర్యము మాకు లేదు.

పదునాఱు నెలలకు, 2025 అక్టోబరు 28వ తేదీన, మెలిస్సా అను హరికేను జమైకా నైరృతితీరమున భూమిని తాకినది. గాలి వేగము గంటకు సుమారు 295 కిలోమీటర్లు. ఆ దీవి చరిత్రలో వ్రాయబడిన హరికేనులలో ఇంతటి బలముగలది లేదు. నలువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఈసారి పీడనము పత్రము చెప్పినదానికంటె ఎంతో క్రిందికి పోయెను. 15 కోట్లును పూర్తిగా జమైకాకు చెందినవి. సంవత్సరము క్రిందట నిందించినవారే ఈ పత్రమును మెచ్చుకొనుట కద్దు. ఇచ్చట నల్లబల్లపై వ్రాయదగిన ఒక లెక్క గలదు. మెలిస్సా చేసిన నష్టము 880 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకును తక్కినవారును కట్టిరి. ఆ దేశపు సంవత్సరాదాయములో అది నూటికి 41 పాళ్లు. బాండువలన వచ్చినది 15 కోట్లు. నష్టములో ఎన్నవ వంతో తొమ్మిదవ తరగతివారు చేసి చూడవచ్చును. నూటికి రెండు పాళ్లును రాదు. మొదటి వారములలో ఊపిరి నిలుపుటకు ఆ సొమ్ము పనికివచ్చును. దేశమును తిరిగి కట్టుటకు చాలదు.

హిందూమహాసముద్రములోని సెషెల్సు దేశము వేఱొక త్రోవ పట్టినది. దానిని గూర్చి క్లుప్తముగా చెప్పెదము. జనము లక్షకు కొంచెము అటునిటు, దీవులు 115, కాని ఆ దీవులచుట్టు వారి హక్కులోనున్న సముద్రము 13 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా గలదు. 2008లో ఆ దేశమును అప్పు చెల్లింపలేకపోయెను. 2016లో నేచర్ కన్సర్వెన్సీ అను అమెరికా సంస్థ తోడ్పాటుతో, విదేశములకు ఈయవలసిన 2 కోట్ల 16 లక్షల డాలర్ల ఋణమును కొంచెము తగ్గింపు ధరకు కొనివేసి, ఆ బాకీని దేశములోనే స్థాపించిన ఒక ధర్మనిధికి చెల్లించునట్లు ఏర్పాటు చేసికొనిరి. ఆ నిధినుండి కొంతభాగము పగడపుదిబ్బల రక్షణకును, సముద్రపుగడ్డి రక్షణకును పోవును. అందుకు బదులుగా ప్రభుత్వము తన సముద్రములో నూటికి 30 పాళ్లను కాపాడెదనని మాట యిచ్చి, 2020 మార్చిలో ఆ మాటను చెల్లించుకొనెను. పగడపుదిబ్బ అలను విఱుచును. కనుక అదియు ఒక గోడయే. 2018లో అదే దేశము సముద్రపనులకొఱకే 1 కోటి 50 లక్షల డాలర్లకు నీలి బాండు అను పేర ఋణపత్రమును అమ్మినది. ప్రపంచ బ్యాంకు పూచీ పడుటవలనను, మఱియొక నిధి తక్కువ వడ్డీకి అప్పిచ్చుటవలనను నూటికి 6.5 ఉండవలసిన వడ్డీభారము 3కు లోపునకు దిగెను. ఈ మొత్తములు చిన్నవని విమర్శించువారు గలరు. ఆ విమర్శ నిజమే. ఐతే లక్షమంది గల దేశమునకు చిన్న మొత్తమని మనము చెప్పుట తగదు.

ఫిజీ పేరు వినగానే మన చదువరులలో కొందఱికి బంధువులు జ్ఞప్తికి రావచ్చును. 1903 మొదలు 1916 వరకు మద్రాసు రేవునుండి చెఱకుతోటల పనికై ఆ దీవులకు పోయిన కూలీలలో తెలుగువారును ఉండిరి. వారి సంతతి నేటికిని అచ్చట గలదు. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ అను తుపాను ఆ దేశముపై పడి 44 మందిని చంపి, సంవత్సరాదాయములో అయిదవ వంతును తుడిచివేసినది. మఱుసటి సంవత్సరము ఫిజీ 10 కోట్ల ఫిజీ డాలర్లకు హరిత బాండును అమ్మెను. ఎదుగుచున్న దేశములలో ఇట్టి పని చేసినది అదియే మొదటిది. మాకు అంతకంటె నచ్చినది వారి పన్ను. యాత్రికులు వచ్చి బసచేయు హోటళ్లు మొదలైనవాటిపై కొంత పన్ను వేసి, అందులో కొంతభాగమును సముద్రము మ్రింగుచున్న గ్రామములను లోపలికి తరలించు నిధికి చేర్చిరి. వునిదోగొలోవా అను గ్రామము 2014లోనే రెండు కిలోమీటర్లు లోపలికి తరలినది. ఊరు తరలుటకు కలపయు, సిమెంటును మాత్రమే చాలవు; సమాధులను విడిచిపోవలెను. ఆ భాగమునకు ఏ బాండులోను లెక్క లేదు.

ఇక ఆ బాలుని ప్రశ్నకు రెండవ సగము. పైన చెప్పిన ఉపాయములన్నియు తెలివైనవే. కొన్నిటిని మేము మనఃపూర్వకముగా మెచ్చుకొనుచున్నాము. కాని అన్నిటిలోను ఒక పోలిక గలదు. షరతు గల అప్పైనను అది అప్పే. భీమాకు ప్రీమియము కట్టువారు దీవివారే. కొన్నిట దాతలు సాయపడుదురు. బాండునకు వడ్డీ యిచ్చువారు దీవివారే. పొగ వదలినవారు వేఱు, గాలి తిన్నవారు వేఱు, మరమ్మతునకు అప్పు చేయువారును ఆ గాలి తిన్నవారే. ఈ మాటను దీవులవారు ఆలస్యముగా చెప్పలేదు. 1991లోనే వనువాటు దేశము చిన్న దీవులందఱి పక్షమున, సముద్రము పొంగుటవలన మునుగు దేశములకొఱకు ధనికదేశములు చందా వేసి ఒక భీమానిధిని స్థాపింపవలెనని వ్రాతమూలముగా కోరెను. అప్పటి ఒడంబడికలో ఆ కోరికకు చోటు దొరకలేదు. 2022లో ఈజిప్టు దేశమున జరిగిన సభలో నష్టనిధి యొకటి పెట్టుటకు అందఱు ఒప్పుకొనిరి. 1991 నుండి 2022 వరకు 31 సంవత్సరములు. జాజిచెట్టు నాలుగుసార్లు నాటి నాలుగుసార్లు కాపునకు తేదగినంత కాలము.

2023లో దుబాయి సభలో ఆ నిధికి దేశములు చెప్పిన చందాలు సుమారు 70 కోట్ల డాలర్లు. చెప్పిన చందాయు, చేతికి వచ్చిన చందాయు ఒక్కటి కావని సంఘపు లెక్కలు వ్రాయువారికి తెలియును. 2025 నవంబరులో బ్రెజిలులో జరిగిన సభాసమయమున, మొదటి విడతగా 25 కోట్ల డాలర్లకు అర్జీలు పంపుకొనుమని ఆ నిధివారు దేశములను కోరిరి. ఈ 25 కోట్లు ఒక్క జమైకాకు కావు, ఒక్క దీవులకును కావు. ఎదుగుచున్న దేశములన్నిటికిని కలిపి. అప్పటికి మెలిస్సా వెళ్లి మూడు వారములైనను కాలేదు. జమైకా బాండులోని 15 కోట్లు పూర్తిగా చెల్లిపోయినవి గనుక ఆ పత్రము ముగిసినది. మఱియొకటి కావలెనన్నచో మరల బేరమాడి కొనవలెను. హరికేనుల కాలము ప్రతి సంవత్సరము జూను 1వ తేదీన మొదలగును.